ప్రతి మెయిల్‌కీ మేనేజర్‌ని సీసీలో పెట్టే కొలీగ్: ఆయన తత్వమే అంతా, ఇంకేమైనా ఉందా?

కొత్త_లీడ్:
టీమ్ లీడ్ అయి ఐదు నెలలైంది. టీమ్‌లో ఒకాయన ఉన్నారు. నాకంటే వయసులో పెద్ద, పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ ఏం అడిగినా జవాబు మెయిల్‌లోనే, సీసీలో మా మేనేజర్. మొన్న పక్క సీట్లోంచే అడిగాను, "ఆ ఫైల్ పాతదా, కొత్తదా?" అని. తలూపారు, అటు తిరిగి టైప్ చేశారు. రెండు నిమిషాల్లో మెయిల్: "మీరు ఇప్పుడు అడిగిన విషయానికి సంబంధించి, ఫైల్ కొత్తదే." సీసీ మామూలే. చెయ్యి చాపితే భుజం తగిలే దూరంలో ఉన్నాను నేను! నామీద నమ్మకం లేదా, నన్ను ఇరికించాలనా? ఇలాంటి వాళ్లతో ఎవరైనా పనిచేశారా?

పాతకాపు:
చేశాను, ఇద్దరితో. కొందరంతే బ్రదర్. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. వదిలేయండి.

మాజీ_హెచ్ఆర్:
పాతకాపు గారూ, ఆ సామెత వల్లే మా దగ్గరికి సగం ఫిర్యాదులు వచ్చేవి. మనం లేటైతే ట్రాఫిక్, ఎదుటివాడు లేటైతే బద్ధకం. లీ రాస్ అనే సైకాలజిస్టు 1977లో ఈ పొరపాటుకి ఒక పేరు కూడా పెట్టారు. ఎదుటివాళ్లు ఏం చేసినా పరిస్థితిని తక్కువగా, స్వభావాన్ని ఎక్కువగా లెక్కేస్తామన్నది దాని సారం.

కొత్త_లీడ్ గారూ, నేను వాడే పద్ధతి ఒకటి చెప్తాను. నా సొంతం కాదు, 1967లో హెరాల్డ్ కెల్లీ అనే సైకాలజిస్టు చెప్పినదే. మిగతావాళ్లు కూడా అలాగే చేస్తున్నారా? ఈయన అందరితోనూ ఇంతేనా, మీతోనేనా? ఎప్పుడూ ఇంతేనా, ఈమధ్య మొదలైందా? మీతో మాత్రమే అయితే మీ ఇద్దరి మధ్య ఏదో ఉంది. టీమంతా సీసీలు పెడుతుంటే మనిషిని కాదు, మేనేజర్‌ని చూడాలి. ఆయనొక్కరే, అందరితోనూ, ఎప్పుడూ అలాగే చేస్తుంటే అప్పుడు ఆయన గురించి ఆలోచించండి. అప్పుడైనా వెంటనే "తత్వం" అనేయొద్దు, పాత అనుభవం ఏదైనా ఉండొచ్చు.

నోట్‌బుక్:
నేను అటువైపు మనిషిని, అందుకే రాస్తున్నాను. "మీటింగుల్లో చొరవ లేదు" అని నా అప్రైజల్‌లో రాశారు. ముందు టీమ్‌లో నన్ను ఆపడమే కష్టంగా ఉండేది! ఇక్కడ చేరిన మొదటి వారం ఒక రిపోర్టులో కూడిక తప్పుందని చెప్పాను. లీడ్ నవ్వి "ఇంకేమైనా దొరికాయా మేడమ్?" అన్నారు. అందరూ నవ్వారు. అంతే, తిట్టలేదు, అరవలేదు. అప్పటినుంచి చెప్పాలనుకున్నది నోట్‌బుక్‌లో రాసుకుని, మీటింగ్ అయ్యాక కొట్టేస్తాను. ఇప్పటికి రెండు నోట్‌బుక్కులు నిండాయి. మనిషిని నేనే, మారింది గది.

మాజీ_హెచ్ఆర్:
నోట్‌బుక్ గారూ, మీరు చెప్పినదానికి దగ్గరగా ఒక పరిశోధన ఉంది. ఆసుపత్రి టీమ్‌లలో మందుల విషయంలో జరిగే పొరపాట్లను ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. మంచి టీమ్‌లలో తప్పులు తక్కువుంటాయని అనుకుంటే, లెక్కల్లో వాటిలోనే ఎక్కువ కనిపించాయి. అక్కడివాళ్లు తప్పును దాచకుండా చెప్పగలుగుతున్నారు, తేడా అదీ అన్నది ఆమె వివరణ.

ఒక్కమాట:
అంతా బాగానే ఉంది గానీ, ప్రతిదానికీ పరిస్థితే కారణమంటే నేనొప్పుకోను. మా పాత బాస్ పైవాళ్ల ముందు పిల్లి, మా దగ్గర పులి. "పాపం, టెన్షన్‌లో ఉన్నారు" అని మూడేళ్లు సర్దుకున్నాం. ఆ టెన్షన్ డైరెక్టర్ గదిలోకి వెళ్లగానే ఎలా మాయమయ్యేది? ఎవరి మీద అరవొచ్చో లెక్క తెలిసిన మనిషి ఆయన. అర్థం చేసుకోవడం వేరు, భరించడం వేరు. అలాంటివాళ్ల విషయంలో తేదీలతో సహా రాసిపెట్టుకోండి.

పాతకాపు:
అంటే చివరికి మీరూ సీసీ పెట్టమనే అంటున్నారన్నమాట :)

కొత్త_లీడ్:
అప్‌డేట్. మాజీ_హెచ్ఆర్ గారి మూడు ప్రశ్నలతో చూశాను. ఆయన అందరితోనూ అంతే, నేను రాకముందునుంచీ అంతే. అంటే నా గొడవ కాదు. "ఎందుకు చేస్తున్నారు?" అంటే నిలదీసినట్టుంటుందని, "సార్, నేను నోటితో అడిగేవి మీకు ఇబ్బందిగా ఉన్నాయా? ఎలా అడిగితే మీకు వీలు?" అన్నాను.

కాసేపు స్క్రీన్ వైపే చూశారు. గతంలో ఒక ప్రాజెక్టులో పాత డేటా తీసేయమని నోటిమాటగా చెప్పారట. తీసేశారు. తర్వాత అది కావాల్సి వచ్చినప్పుడు, చెప్పినాయన "నేనెప్పుడన్నాను?" అన్నారట. మొత్తం ఈయన మీద పడింది. "అప్పట్నుంచి అలవాటైపోయింది, మీ గురించి కాదు" అన్నారు.

ఇప్పుడు ఆయనకి ఏ పని చెప్పినా వెనకే నేనే రెండు లైన్లు రాసి పంపుతున్నాను. పోయిన వారం ఆయన దగ్గర్నుంచి మూడు మెయిళ్లు వచ్చాయి. రెండింటిలో సీసీ లేదు. మూడోదాంట్లో ఉంది, డేటా తీసేసే పని అది.