మోడెం లాక్ పోవట్లేదు, బొమ్మ మాత్రం పగులుతోంది

ఏటూరునాగారం ఓబీ:
అన్నా, గోదావరి వరద లైవ్ కోసం రామన్నగూడెం పుష్కరఘాట్ దగ్గర, శాటిలైట్‌కు సిగ్నల్ పంపే ఓబీ వ్యాన్ పెడుతున్నాం. కేయూ బ్యాండ్ (వానకు బలహీనపడే శాటిలైట్ ఫ్రీక్వెన్సీ), రెండు మెగాసింబల్స్ క్యారియర్ (మా సిగ్నల్ పోయే దారి), వీడియోను కుదించే ఎన్‌కోడర్ హెచ్.264లో 4 ఎంబీపీఎస్. మబ్బు కమ్మితే మోడెం దానంతటదే, ఎక్కువ డేటా పట్టే 8పీఎస్‌కే 3/4 పద్ధతి నుంచి, తక్కువ పట్టినా వానకు తట్టుకునే క్యూపీఎస్‌కే 1/2కు దిగుతోంది. లాక్ ఉంటుంది (సిగ్నల్ తెగదు), కానీ స్టూడియోలో బొమ్మ గడులు గడులుగా పగిలి ఆగిపోతోంది. పవర్ పెంచాలా?

కేయూబ్యాండ్ కాజీపేట:
బీయూసీ (సిగ్నల్‌ను పైకి పంపే యాంప్లిఫయర్) ఇప్పటికే ఫుల్లుగా ఉంటే ముట్టుకోకు. సిగ్నల్ వంకరపోతుంది, పక్క క్యారియర్ల మీద పడుతుంది.

హనుమకొండ అప్‌లింక్:
తమ్మీ, ఇది పవర్ గొడవ కాదు. నీ క్యారియర్‌లో 8పీఎస్‌కే 3/4కు దాదాపు 4.4 ఎంబీపీఎస్ పడుతుంది, క్యూపీఎస్‌కే 1/2కు 2 కూడా పట్టదు. మోడెం దిగిన సంగతి ఎన్‌కోడర్‌కు చెప్పేవాళ్లేరి? అది 4 తోస్తూనే ఉంటుంది. క్యూ నిండి ప్యాకెట్లు రాలిపోతాయి. అందులో ఐ-ఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) ముక్క పోయిందంటే మళ్లీ ఐ-ఫ్రేమ్ వచ్చేదాకా బొమ్మ బాగుపడదు.

దిగేటప్పుడు ముందు ఎన్‌కోడర్ తగ్గాలి, తర్వాత మోడెం. ఎక్కేటప్పుడు ముందు మోడెం. శాటిలైట్ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. హబ్‌లో (నీ సిగ్నల్ అందుకునే చోట) సిగ్నల్ పడిపోయిన కబురు మళ్లీ శాటిలైట్ మీదుగానే వస్తే, పోనురాను అర సెకను. వాన అంతసేపు ఆగదు. 8పీఎస్‌కే 3/4కు సిగ్నల్ నాయిస్ కన్నా కనీసం 8 డీబీ ఎక్కువ ఉండాలి కాబట్టి 10 దగ్గరే బిట్‌రేట్ కోసెయ్యి. పెంచడానికి మాత్రం తొందరపడకు, సిగ్నల్ కాసేపు కుదురుగా ఉందని చూసుకున్నాకే పెంచు.

క్యూపీఎస్‌కే 1/2లో వీడియో 1.6 ఎంబీపీఎస్ దాటనీయకు. ఆ రేటుకు 1080 (ఫుల్ హెచ్‌డీ) పెట్టకు. పారే వరదనీళ్లు ఎన్‌కోడర్‌కు అన్నిటికన్నా కష్టం, ప్రతి అల ఫ్రేమ్‌ఫ్రేమ్‌కూ మారుతుంది. ఎస్‌డీకి దింపు. ఆడియోను అస్సలు తగ్గించకు. బొమ్మ మసకబారినా సరే, భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులా, 48 అడుగులా అన్నది జనానికి తెలియాలి. ఒకటి మొదటి ప్రమాద హెచ్చరిక, ఇంకొకటి రెండోది. దాన్నిబట్టే ఊళ్లు ఖాళీ చేస్తారు.

ఏటూరునాగారం ఓబీ:
మా ఎన్‌కోడర్ పాతది అన్నా. మోడెం మాట వినే ఏర్పాటే లేదు.

హనుమకొండ అప్‌లింక్:
అయితే వానాకాలం అయ్యేదాకా ఏసీఎం (మోడెం దానంతటదే మారే పద్ధతి) ఆపెయ్యి. క్యూపీఎస్‌కే 3/4లో ఫిక్స్ చేసి, వీడియో 2.5 పెట్టు. 4 డీబీ దాకా తట్టుకుంటుంది. ఎండ ఉన్నప్పుడు క్వాలిటీ కొంచెం తగ్గుతుంది, డెస్క్‌వాళ్లకు ముందే చెప్పిపెట్టు. ఇంకా పెద్ద వాన పడేలా ఉంటే, లైవ్‌కు పోకముందే నీ చేత్తో 1/2కు దింపి వీడియో 1.6 చేసుకో. లైవ్ నడుస్తుండగా మార్చకు.