కొత్త ఎల్ఈడీ వేస్తే వెలుగు నడిమధ్య నల్ల మచ్చ: లోపం రిఫ్లెక్టర్‌దా, నా బిగింపుదా?

వైండింగ్ షాపు, దేవరకొండ:

అందరికీ నమస్తే. దేవరకొండలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మోటార్లు కాలే కాలం తగ్గాక చేతికి కొంచెం తీరిక దొరుకుతుంది. అప్పుడు రైతులకు బ్యాటరీలైట్లు కట్టి ఇస్తుంటాను. ఇప్పటికి 40 దాకా ఇచ్చాను.

మా వైపు ఈ లైటు సరదా వస్తువు కాదు. పల్లిచేను, మక్కచేను ఉన్నవాళ్లు రాత్రి మంచె మీదే పడుకుంటారు. పందులు చేన్లోకి దిగాక చూస్తే అప్పటికే సాళ్లకు సాళ్లు తవ్వేసి ఉంటాయి. అవతలి గట్టు మీద ఉండగానే కంటపడాలి. కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగలకు మనుషులు కూడా బలవుతున్నారు. షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ తీగ వద్దు, మంచి లైటు పెట్టుకో అని చెప్తాను. అలా చెప్పేవాడిని, నేనిచ్చే లైటు నిజంగా మంచిదై ఉండాలి. అందుకే ఈ ప్రశ్న.

ఇన్నాళ్లూ క్రీ కంపెనీ ఎక్స్ఎం-ఎల్2 ఎల్ఈడీ వేశాను. అల్యూమినియం బాడీ, ఒక 18650 సైజు లిథియం సెల్లు, ఎల్ఈడీకి పోయే కరెంటును అదుపు చేసే డ్రైవరు. దాంట్లో 7135 చిప్పులు ఎనిమిది, అంటే 2.8 ఆంపియర్లు. 42 మి.మీ. నున్నటి రిఫ్లెక్టర్. 5 మీటర్ల దూరంలో వెలుగు కొలిచే లక్స్ మీటరు పెడితే 1180 చూపించేది.

ఈ మధ్య ఓస్రామ్ వాళ్ల 1 చదరపు మి.మీ. వైట్ ఫ్లాట్ ఎల్ఈడీ తెప్పించాను. రాగి బోర్డు మీద అతికించే వచ్చింది. దాని మీద వెలుగు పుట్టే పసుపు గడి ఆవగింజంతే. ఎక్స్ఎం-ఎల్2కు ఉన్నట్టు పైన బుడగ లేదు, బల్లపరుపుగా ఉంది. డ్రైవరు, సెల్లు మార్చకుండా మూడు రిఫ్లెక్టర్లలో వేసి చూశాను. 20 మి.మీ. గరుకుదాంట్లో, అంటే బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా ఉండేదాంట్లో, వెలుగు గుండ్రంగా చక్కగా పడింది. 35 మి.మీ. నున్నటిదాంట్లో నడుమ కొంచెం మసక. 42 మి.మీ. దాంట్లో మాత్రం నడిమధ్య నల్ల మచ్చ, చుట్టూ గాజు తొడిగినట్టు వెలుగు. మచ్చ దగ్గర 5 మీటర్లకు 640 లక్స్ మాత్రమే. పాతదానిలో ఇంచుమించు సగం.

థర్మల్ పేస్టు తుడిచి మళ్లీ పూశాను. సెల్లు కొలిస్తే 4.18 వోల్టులు ఉంది. ఎల్ఈడీ పాడైందనుకుంటే 20 మి.మీ. దాంట్లో ఎలా బాగుంది? రిఫ్లెక్టర్ మంచిది కాదనుకుంటే పాత ఎల్ఈడీకి ఎలా బాగుంది? రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్. వచ్చే వారం చింతపల్లి నుంచి ఒక రైతు లైటు కోసం వస్తాడు. పాతదే వేసి ఇవ్వాలా?

---

సెల్‌ఫోన్ రిపేరు, వనపర్తి:

అన్నా, ఎల్ఈడీ చుట్టూ ఉండే తెల్ల ప్లాస్టిక్ రింగు పాతదే పెట్టారా? ఎక్స్ఎం-ఎల్2 ఒక్కో వైపు 5 మి.మీ., ఇది 3 మి.మీ. పాత రింగులో ఇది వదులుగా ఉంటుంది, నడిమధ్యలో నిలబడదు. ఎత్తు కూడా తేడా.

రింగు తీసేయండి. లైటు అన్నిటికంటే తక్కువ మోడ్‌లో పెట్టి, రిఫ్లెక్టర్‌ను చేత్తో పట్టుకుని ఎల్ఈడీ మీద కొద్దికొద్దిగా పైకీ కిందికీ జరుపుతూ గోడ మీద వెలుగు చూడండి. ఎక్కడో ఒకచోట మచ్చ మూసుకుపోవాలి. ఒక్క జాగ్రత్త. రిఫ్లెక్టర్ అల్యూమినియం, దాని అడుగు బోర్డు మీది ప్లస్సు, మైనస్సు టంకాలకు తగిలితే షార్టు అవుతుంది. ముందు ఆ రెండింటి మీద కాప్టాన్ టేపు, అంటే వేడికి తట్టుకునే ఇన్సులేషన్ టేపు, అంటించండి. నేను ఒకసారి అంటించకుండా చేశాను. సెల్లు చేతిలో పట్టుకోలేనంత వేడెక్కింది.

---

ఫిజిక్స్ సార్, మిర్యాలగూడ:

వనపర్తి తమ్ముడు చెప్పింది సరైనది. అలా ఎందుకవుతుందో నేను చెప్తాను, తెలిస్తే మీకు వేరే రిఫ్లెక్టర్లకూ పనికొస్తుంది.

ఈ రిఫ్లెక్టర్ పారాబోలా ఆకారం. వెలుగు సరిగ్గా ఫోకస్ బిందువు దగ్గర పుడితేనే కిరణాలన్నీ సమాంతరంగా బయటికి వెళ్తాయి. అర మిల్లీమీటరు కిందికో పైకో జరిగినా కిరణాలు విచ్చుకుని మధ్యలో ఖాళీ వదులుతాయి. ఆ ఖాళీయే మీ నల్ల మచ్చ. పాత ఎల్ఈడీలో వెలుగు పుట్టే గడి పెద్దది, పైన ఉన్న సిలికాన్ బుడగ దాన్ని ఇంకా పెద్దగా చూపిస్తుంది. అంత పెద్ద గడి కొంచెం జరిగినా ఏదో ఒక మూల ఫోకస్ దగ్గరే ఉంటుంది, తప్పు బయటపడదు. 1 మి.మీ. గడికి ఆ వెసులుబాటు లేదు. 20 మి.మీ. దాంట్లో తప్పు లేదనుకోకండి. ఆ గరుకు కిరణాలను చెదరగొట్టి మచ్చను పూడుస్తోంది, అంతే.

కొత్త ఎల్ఈడీ ఇచ్చే మొత్తం వెలుగు పాతదానికంటే తక్కువే. కానీ ఒక్కో చదరపు మిల్లీమీటరు నుంచి వచ్చేది చాలా ఎక్కువ. దూరం వెళ్లడానికి లెక్కలోకి వచ్చేవి అది, రిఫ్లెక్టర్ నోటి వైశాల్యం. మొత్తం వెలుగును చెప్పే ల్యూమెన్లు కాదు. కాబట్టి ఫోకస్ కుదిరాక 35 మి.మీ. దాంట్లో వచ్చే లక్స్, 42 మి.మీ. దాంట్లో వచ్చేదానిలో సుమారు 0.69 వంతు ఉండాలి. 35 వర్గాన్ని 42 వర్గంతో భాగిస్తే వచ్చేది అదే. మీ కొలత దానికి దగ్గరగా వస్తే రెండూ సరిగ్గా కుదిరినట్టు.

5 మీటర్లు కాకుండా 10 మీటర్ల దగ్గర కొలవండి. వచ్చిన లక్స్‌ను 100తో (10 వర్గంతో) గుణిస్తే క్యాండెలా, అంటే ఆ దిక్కుకు వెళ్లే వెలుగు తీవ్రత. దాని వర్గమూలాన్ని రెండింతలు చేస్తే, డబ్బాల మీద రాసే దూరం మీటర్లలో వస్తుంది.

---

పల్లిచేను, అచ్చంపేట:

అన్నా, లెక్క సంగతి సార్ చెప్పారు. నేను చేను సంగతి చెప్తా. మాది నల్లమల అంచు. నాలుగు ఎకరాలు యాసంగి పల్లి. కాయ ఊరే రోజుల్లో ఒక్క రాత్రి కూడా ఇంట్లో పడుకోం.

నిరుడు నేనూ దూరం కొట్టే లైటు తెచ్చుకున్నా. అవతలి గట్టు బాగా కనబడేది. కానీ కాళ్ల దగ్గర చీకటే. సన్నటి గీతలా పోతుంది కదా వెలుగు. ఒకరోజు గట్టు మీద నడుస్తుంటే రెండు అడుగుల దూరంలో రక్తపింజరి. బుస కొట్టింది కాబట్టి ఆగిన, కంటికి కనబడి కాదు. లైటు దాని మీదికి తిప్పినంక కూడా చప్పున గుర్తుపట్టలే. ఆ నీలం తెలుపులో మట్టి, ఎండాకు, పాము మూడూ బూడిద రంగే. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ వారం రోజులు నన్ను చేనుకు పోనియ్యలే.

ఇప్పుడు నడకకు వేరే చిన్న లైటు ఉంది, 4000 కెల్విన్, అంటే నీలం తెలుపు కాకుండా కొంచెం పసుపు వైపు ఉండే వెలుగు, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతయి. మీరు రైతులకు ఇచ్చేటప్పుడు ఎంత దూరం పోతుందన్నది ఒక్కటే చూడకండి అన్నా. పంది చేను తింటది. పాము మనిషినే తీసుకపోతది.

---

వైండింగ్ షాపు, దేవరకొండ:

మచ్చ పోయింది. ముగ్గురికీ దండాలు.

ముందు చేత్తో జరిపి చూశాను. రిఫ్లెక్టర్‌ను కిందికి నొక్కుతుంటే మచ్చ మూసుకుంది. అంటే రింగు మందం ఎక్కువైంది. పాతది 1.6 మి.మీ. ఉంది. వైర్ గేజీ కొలిచే మైక్రోమీటరు షాపులో ఎలాగూ ఉంది కదా, దానితోనే కొలిచాను. 3 మి.మీ. రంధ్రం ఉన్న రింగు ఇక్కడ ఎక్కడా దొరకలేదు. అప్పుడు మోటార్ స్లాట్లలో వేసే ఇన్సులేషన్ పేపరు గుర్తొచ్చింది. ఒక్కో పొర 0.25 మి.మీ. గుండ్రంగా కత్తిరించి, మధ్యలో బ్లేడుతో 3 మి.మీ. చదరంగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. టంకాల మీద కాప్టాన్ టేపు వేశాకే బిగించాను.

రాత్రి డాబా మీద 10 మీటర్ల దగ్గర కొలిచాను. ఆరు పొరలు వేస్తే నడిమధ్య 190 లక్స్. ఐదు వేస్తే 480. నాలుగు వేస్తే 760! ఆ అంకె చూసి మా అబ్బాయిని నిద్ర లేపి చూపించాను. మూడు వేస్తే మళ్లీ 610కి పడిపోయింది. కాబట్టి సరిగ్గా 1 మి.మీ. మందం. పాత ఎక్స్ఎం-ఎల్2ను కూడా అక్కడే కొలిస్తే 297 వచ్చింది. సార్ చెప్పినట్టు లెక్కేస్తే పాతది 345 మీటర్లు, కొత్తది 551 మీటర్లు.

35 మి.మీ. దానికీ పొరలు మార్చి చూస్తే ఎక్కువలో ఎక్కువ 515 వచ్చింది. 760తో భాగిస్తే 0.68. సార్, మీరు ముందే చెప్పిన అంకె చేతిలోకి వచ్చినప్పుడు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మర్నాడు రాత్రి మా బావ చేను దగ్గరికి పోయాం. చెరువుకట్ట మీది తుమ్మచెట్టు అక్కడికి రెండు వందల మీటర్ల పైనే ఉంటుంది. కొమ్మలు విడివిడిగా కనబడ్డాయి. పాత లైటుతో చెట్టు ఉన్నట్టు మాత్రమే తెలిసేది. అచ్చంపేట తమ్ముడు చెప్పింది కూడా అక్కడే అనుభవమైంది. చెట్టు కనబడింది గానీ గట్టు దిగుతుంటే బోదె కనబడలేదు. బావ కాలు జారాడు.

చింతపల్లి రైతుకు రెండు కడుతున్నాను. దూరానికి 42 మి.మీ. నున్నటిది, వైట్ ఫ్లాట్. నడకకు 20 మి.మీ. గరుకుది. దాంట్లో ల్యుమినస్ వాళ్ల ఎస్ఎస్టీ-20 వేస్తున్నాను. 4000 కెల్విన్, రంగుల నాణ్యత చెప్పే సీఆర్ఐ 95. రెండింటికీ సెల్లు ఒకే సైజు, ఒకటి అయిపోతే రెండోదాంట్లోది తీసి వేసుకోవచ్చు. పొరలు కదలకుండా నాలుగూ కలిపి మోటార్ వార్నిష్‌తో అతికిద్దామనుకుంటున్నా. వేడికి తట్టుకునే సరుకు, షాపులో ఉన్నదే.

---

సెల్‌ఫోన్ రిపేరు, వనపర్తి:

పేపరు ఐడియా చాలా బాగుందన్నా. వార్నిష్ మాత్రం ఆగండి. పచ్చిగా ఉండగా మూత బిగిస్తే దాని ఆవిరి లోపలే ఉండిపోతుంది. వేడికి అది ఎల్ఈడీలోని సిలికాన్‌లోకి పట్టి రంగు మారుతుంది, వెలుగు పడిపోతుంది. బుడగ ఉన్న ఎల్ఈడీలకు ఇంకా ప్రమాదం.

---

వైండింగ్ షాపు, దేవరకొండ:

సమయానికి చెప్పావు తమ్మీ, రేపు పొద్దున పూసేవాణ్ని. వార్నిష్ మానేశాను. పొరలకు అంచు మీద రెండు చోట్ల కాప్టాన్ టేపు చుట్టాను. రిఫ్లెక్టర్ బిగిస్తే ఎలాగూ నొక్కుకుని ఉంటాయి. గంటసేపు ఎక్కువ మోడ్‌లో వెలిగించి, విప్పి, మళ్లీ కొలిచాను. మందం 1 మి.మీ. ఉంది, పొరలు కదల్లేదు. చింతపల్లి ఆయన ఆదివారం వస్తాడు. రెండు లైట్లూ చేతికిచ్చి, ముందు చిన్నదానితో షాపు వెనక గడ్డిలో నడవమంటాను.