పెళ్లి కామెడీకి వెళ్లాం, హాల్లో ఎవ్వరూ నవ్వలేదు. ఎందుకంటారు?

ప్రశ్న:
నిన్న రాత్రి అక్కని ఓ పెళ్లి కామెడీ సినిమాకి తీసుకెళ్లాను. పేరు చెప్పను, తీసినవాళ్లని తిట్టాలని కాదు ఈ ప్రశ్న. అక్కకి ఈమధ్య ఆఫీసు టెన్షన్‌తో సరిగా నిద్ర కూడా ఉండట్లేదు. రెండు గంటలు హాయిగా నవ్వుకుంటుందని నేనే పట్టుబట్టాను. హాలు సగానికి పైగా నిండింది. మొదటి ఇరవై నిమిషాలు జనం నవ్వడానికి సిద్ధంగానే ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరే ఫోన్లు తీశారు.

సినిమాలో సరుకు లేదనలేను. ఉంగరం చేపల తొట్టిలో పడుతుంది. కేకు కూలిపోతుంది. పెళ్లికూతురి తల్లి తాగేసి మైకు లాక్కుంటుంది. పెళ్లికొడుకు వేరేవాళ్ల పెళ్లి హాల్లోకి వెళ్లి నిలబడతాడు. ఇవి అక్కకి మళ్లీ చెబుతుంటే నాకే నవ్వొచ్చింది, తెర మీద మాత్రం రాలేదు. నటులు చేతగానివాళ్లు కూడా కాదు. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు 1:
ఉంగరం పడినప్పుడు పెళ్లికొడుకు కంగారు పడ్డాడా? నేనైతే ముందు అది చూస్తాను. 1994లో వచ్చిన 'ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్'లో రోవన్ అట్కిన్సన్ పెళ్లి జరిపించే పాదిరి. పేర్లు తడబడతాడు, ప్రార్థనలో మాటలు తప్పుతాడు. ఎలాగైనా పరువుగా గట్టెక్కాలని ఆయన పడే తంటా ఉంది చూడండి, నవ్వంతా అందులోనే ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వకూడదు. వాళ్లు ఆపుకుంటున్న కొద్దీ మనకి ఆగదు.

ప్రశ్న అడిగినవారు:
లేదండీ! ఉంగరం పడగానే అందరికంటే ముందు పెళ్లికొడుకే నవ్వాడు. పక్కవాడు జోకు వేశాడు. పెళ్లి ఆగిపోతుందేమో అన్న భయం ఎవరి మొహంలోనూ లేదు. మీరు అడిగేదాకా నాకు తట్టలేదు.

జవాబు 2:
నేను కొన్నాళ్లు ఎడిటింగ్ చేశాను కాబట్టి నా చూపు టైమింగ్ మీదకే పోతుంది. పాతకాలపు హాలీవుడ్ కామెడీ అన్నదమ్ములు మార్క్స్ బ్రదర్స్, 1935 నాటి తమ సినిమా 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా'లోని కొన్ని సీన్లని షూటింగ్‌కి ముందే ఊరూరా స్టేజి మీద ఆడి చూసుకున్నారు. ఏ మాటకి జనం ఎంతసేపు నవ్వుతున్నారో తెలిస్తే, తర్వాతి మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఇప్పుడు చాలామంది ఆ ఖాళీని మ్యూజిక్‌తో నింపేస్తున్నారు. జోకు అయ్యీ కాకముందే 'ఇక నవ్వండి' అన్నట్టు వాయిస్తే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

జవాబు 3:
టైమింగ్ ఒక్కటే అంటే ఒప్పుకోను. 2011లో వచ్చిన 'బ్రైడ్స్‌మెయిడ్స్'లోనూ మైకు సీన్ ఉంది. పెళ్లికూతురికి నేనే దగ్గర అంటే నేనే దగ్గర అని ఇద్దరు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకుంటూనే ఉంటారు. ఇంక చాలు అనిపించేదాకా సాగుతుంది, అయినా పండింది. ఎందుకంటే ఆ అసూయ నిజమైనది. మీరు చూసిన సినిమాలో ఆ తల్లికి ఏం కావాలి?

ప్రశ్న అడిగినవారు:
పొద్దున అక్కని ఇదే అడిగాను. "ఆవిడ తాగిందంతే, ఏమీ అక్కర్లేదు" అంది. కానీ అక్క ఒక్కచోట నవ్విన మాట నిజం. ఓ ముసలి ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. కేకు కూలుతున్నా, కుర్చీలు ఎగురుతున్నా అందరినీ వరసలో నిలబెట్టి ఒక్క గ్రూప్ ఫోటో తీయాలని తిరుగుతుంటాడు. "కొంచెం దగ్గరికి జరగండి" అని ఆయన బతిమాలినప్పుడల్లా అక్క భుజాలు కదిలేవి. ఆయనకి మొత్తం మూడు సీన్లే ఇచ్చారు.