అమ్మ రాసినదాన్ని ఆత్మకథగా ఉంచాలా, నవలగా మార్చాలా?

అందరికీ నమస్కారం. మా అమ్మకు 64 ఏళ్లు. ఇంటి ఖర్చులు రాసే పుస్తకాల్లో వెనక పేజీల నుంచి మొదలుపెట్టి తన జీవితం రాసుకుంటూ వచ్చిందని ఈ మధ్యే తెలిసింది. మొత్తం నాలుగు పుస్తకాలు. ఒక పేజీలో పైన కరెంటు బిల్లు కట్టిన తేదీ, దాని కిందే తన చదువు ఆగిపోయిన రోజు. వరస లేదు, ఒక్క కొట్టివేత కూడా లేదు. చదివాక చాలాసేపు లేవలేకపోయాను.

అచ్చు వేయిద్దామంటే అమ్మకు సగం సంతోషం, సగం భయం. అందులోని మనుషులు చాలామంది ఇంకా ఉన్నారు మరి. అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ కూడా ముందు ఆత్మకథే రాశారు. ప్రచురణకర్తలు వద్దన్నాక దాన్నే పిల్లల నవలలుగా మలిచారు. 1932లో తొలి పుస్తకం వచ్చేనాటికి ఆమెకు 65. ఈ సంగతి చెబితే అమ్మ కాస్త నిటారుగా కూర్చుంది! కానీ వంటగదిలో కాగితం దాచుకుని అక్షరాలు నేర్చుకున్న బెంగాలీ ఇల్లాలు రాససుందరి దేవి తన కథను తన కథగానే చెప్పుకున్నారు కదా. నా మనసు అటే లాగుతోంది.

పేర్లు, ఊళ్లు మారిస్తే సరిపోతుందా, బంధువులను ముందే అడగాలా? సంఘటనలను కాలక్రమంలో పెట్టాలా, అమ్మకు గుర్తొచ్చిన వరసలోనే వదిలేయాలా? అన్నిటికన్నా పెద్ద చిక్కు భాష దిద్దడం. నేను దిద్దిన రెండు పేజీలు చదివి, "బాగుంది, కానీ ఇది నేను కాదు" అంది. అప్పటి నుంచి నేను కలం ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్ల రాతను పుస్తకంగా తెచ్చినవారు ఎవరైనా ఉంటే, మీరు ఎంతవరకు దిద్దారో దయచేసి చెప్పండి.