మన ఎండలకు టర్బో కారులో 30 గ్రేడు ఆయిల్ చాలునా, 40 పోయాలా?

నల్లగొండ_ఆర్‌ఎస్:
నా కారు 2017లో కొన్న స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్. ఫోక్స్‌వ్యాగన్ 502 00 ఆమోదం ఉన్న ఆయిల్ పోయాలన్నది కంపెనీ మాట. చిక్కు ఏమిటంటే ఆ ఆమోదంతో 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 రెండూ అంగట్లో ఉన్నాయి; చివరి అంకె పెద్దదైతే వేడిలో ఆయిల్ అంత చిక్కగా ఉంటుందట. సర్వీసు సెంటరు వాళ్లు 30 పోస్తున్నారు. మా ఊరి మెకానిక్ అన్న మాత్రం, మే నెలలో 45 డిగ్రీల ఎండలో నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే మీద వేగంగా తోలే బండికి ఆ పలుచని ఆయిల్ ఆగదనీ, 40 గానీ 20డబ్ల్యూ-50 గానీ పోయించమనీ గట్టిగా చెబుతున్నారు. ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించి శక్తి పెంచుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. పెద్దలు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

పాలమూరు_షెడ్డు:
తమ్ముడూ, మీ మెకానిక్ చెప్పింది నిజం. మంచు కురిసే దేశాల్లో తయారైన పట్టికను జడ్చర్ల ఎండలో పట్టుకొని కూర్చుంటే ఎలా? వేడికి ఆయిల్ పలుచబడుతుంది, పలుచబడిన ఆయిల్ బేరింగుల మధ్య నిలవదు. 20డబ్ల్యూ-50 పోసిన పాత బండ్లలో టాపెట్ల చప్పుడు తగ్గడం, ఆయిల్ తాగడం తగ్గడం నా షెడ్డులో చూస్తూనే ఉన్నాను. పైగా కంపెనీలు పలుచని ఆయిల్ చెప్పేది మైలేజీ అంకెల కోసం, ఇంజన్ ఆయుష్షు కోసం కాదు.

శ్రీశైలం_రోడ్డు:
అన్నగారి అనుభవాన్ని కాదనను గానీ, బయటి ఎండకూ ఇంజన్ అడుగున ఉండే చాంబర్‌లోని ఆయిల్ వేడికీ మనం ఊహించుకునేంత నేరుగా సంబంధం లేదు. నాదీ ఇదే ఇంజన్. మీటరులోనే ఆయిల్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు అది 100, 105 డిగ్రీల దగ్గరే ఆగింది. అదే కారు డిసెంబరులో శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ ఆనకట్ట దాటి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే 115 దాటింది. కారణం స్పష్టమే: చిన్న గేరు, పెద్ద బరువు, తక్కువ వేగం వల్ల రేడియేటరుకు అందని గాలి. థర్మోస్టాట్ కూలెంటును 90 డిగ్రీల చుట్టూ పట్టి ఉంచుతుంది, ఆయిల్ కూలర్ ఆ కూలెంటుతోనే పని చేస్తుంది. కాబట్టి ఎండాకాలానికి ఒక గ్రేడు, చలికాలానికి ఒక గ్రేడు అనే లెక్క, ఒకే గ్రేడు నూనెలు వాడిన రోజుల నుంచి మిగిలిన అలవాటని నా అభిప్రాయం.

మిర్యాలగూడ_ల్యూబ్:
కందెనల వ్యాపారంలో ఉన్నవాణ్ని కనుక కొంచెం వివరంగా రాస్తాను. 5డబ్ల్యూ-40లో మొదటి అంకె చలిలో స్టార్టింగుకు సంబంధించినది. ఎస్‌ఏఈ జె300 అనే ఆయిల్ గ్రేడుల ప్రమాణం దానిని మైనస్ 30, మైనస్ 35 డిగ్రీల దగ్గర పరీక్షిస్తుంది. మన చలికాలం దాని దరిదాపుల్లోకి రాదు. అలాగని 20డబ్ల్యూ-50 పోస్తే నష్టం లేదనుకోకండి. 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 5డబ్ల్యూ-40కి సుమారు రెట్టింపు ఉంటుంది. ఉదయం స్టార్ట్ చేయగానే పంపులో ఒత్తిడి ఎక్కువైతే వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకొని కొంత ఆయిల్ వెనక్కి మళ్లిపోతుంది, ఆయిల్ ఒత్తిడితో పని చేసే వాల్వ్ టైమింగ్ భాగాలూ మందగిస్తాయి.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం. 30 గ్రేడుకు అది 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలత), 40కి 12.5 నుంచి 16.3. అంటే బాగా చిక్కటి 30కీ పలుచని 40కీ మధ్య ఉన్నది నూలుపోగంత తేడా. ఇంకోలా చూద్దాం. 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్స్ ఉన్న 40 గ్రేడు, ఆయిల్ మరో ఏడు డిగ్రీలు వేడెక్కేసరికి 12కు దిగుతుంది, 130 డిగ్రీలకు చేరితే ఎనిమిదికి పడిపోతుంది. కనుక గ్రేడు మార్చడం వల్ల వచ్చే లాభాన్ని ఒక్క ఘాట్ రోడ్డు మింగేయగలదు.

ఇంజన్‌ను నిజంగా కాపాడే అంకె డబ్బా ముందువైపు ఉండదు. 150 డిగ్రీల వేడిలో, బేరింగులో ఉండేంత తీవ్రమైన రాపిడి కింద ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో కొలిచే హెచ్‌టీహెచ్‌ఎస్ విలువ అది. జె300 ప్రకారం 30 గ్రేడుకు 2.9 మిల్లీపాస్కల్ సెకన్లు ఉంటే చాలు. కానీ 502 00 ఆమోదం కావాలంటే గ్రేడు ఏదైనా కనీసం 3.5 ఉండి తీరాలి. అంటే ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-30, కేవలం ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) గుర్తు ఉన్న మామూలు 5డబ్ల్యూ-30 ఒకే పేరు పెట్టుకున్న రెండు వేరు వేరు ఆయిళ్లు. 30కీ 40కీ జరిగే తగాదాల్లో సగం ఈ తేడా చూడకపోవడం వల్లే పుడుతున్నాయి. 508 00 గుర్తుతో వచ్చే 0డబ్ల్యూ-20ని మాత్రం మీ బండిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయవద్దు. అది వేరే ఇంజన్ల కోసం చేసినది, దాని కనీస విలువ 2.6 మాత్రమే.

పాలమూరు_షెడ్డు:
లెక్కలు బాగున్నాయి సార్. మరి బీఎండబ్ల్యూ తన ఎం3కి 10డబ్ల్యూ-60 ఎందుకు చెప్పింది? ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ జీటీ 5.0కు 5డబ్ల్యూ-20 చెప్పి, అదే వంశపు ఇంజన్ ఉన్న బాస్ 302కు 5డబ్ల్యూ-50 ఎందుకు పోయించింది? గట్టిగా తోలే బండికి చిక్కటి ఆయిల్ అవసరమని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా?

మిర్యాలగూడ_ల్యూబ్:
మంచి ప్రశ్న. బాస్ 302 విషయంలో మీ వాదన నిలుస్తుంది: ట్రాక్ మీద తోలడానికే చేసిన కారు అది, ఆయిల్ అక్కడ చేరే వేడి వేరు. అయితే కంపెనీ ఆ ఇంజన్‌లో ఆయిల్ కూలర్ పెట్టింది, కనెక్టింగ్ రాడ్లూ పిస్టన్లూ మార్చింది. గ్రేడు ఒక్కటే మార్చి ఊరుకోలేదు. ఎం3లో 60 గ్రేడు 8,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజన్ల కాలపు మాట. 2014లో టర్బో ఎం3 వచ్చినప్పుడు అదే కంపెనీ ఆ గ్రేడును వదిలేసింది. ఆయిల్ తాగే బండికి చిక్కటిది పోస్తే తాగడం తగ్గవచ్చు, కానీ అరిగిన రింగులూ వాల్వ్ సీళ్లూ అలాగే ఉంటాయి.

నల్లగొండ_ఆర్‌ఎస్:
అందరికీ కృతజ్ఞతలు. మరి సాఫ్ట్‌వేర్ మార్పించిన తర్వాత?

శ్రీశైలం_రోడ్డు:
అప్పుడు నేనైతే 502 00 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-40 వైపే మొగ్గుతాను. ఎండ దానికి కారణం కాదు. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే ఈ ఇంజన్లలో కొంత ఇంధనం గోడల వెంట జారి చాంబర్‌లో కలుస్తుంది. ఊళ్లోనే తిరిగే కారులో, ఆయిల్ సరిగా వేడెక్కక, అది ఆవిరై పోదు. బూస్టు, అంటే టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి, పెంచితే ఈ కలయిక పెరిగే అవకాశం ఉంది. చిక్కదనం పెంచడానికి కలిపే పాలిమర్లు కూడా రాపిడికి తెగుతాయి. కొన్నప్పుడు 40గా ఉన్నది కొన్ని వేల కిలోమీటర్లకు 30గా మారడం వింత కాదు. 40తో మొదలుపెడితే ఆ మేరకు చేతిలో కొంత మిగులు ఉంటుంది. మార్చే గడువును కూడా 15,000 కిలోమీటర్ల నుంచి సగానికి తగ్గించుకోండి. ఈ రెండింటిలో ఒకటే చేయగలిగితే గడువు తగ్గించడమే మేలు.

పాలమూరు_షెడ్డు:
గడువు సంగతి ఒప్పుకుంటున్నాను, తమ్ముడు ఆ పని మాత్రం తప్పక చేయాలి. 20డబ్ల్యూ-50 మాట ఈ బండి వరకు వెనక్కి తీసుకుంటాను, పాత మారుతీల విషయంలో తీసుకోను. ఒక్క మాట మాత్రం ల్యూబ్ గారు చెప్పలేదు: 3.5 ఉంటుందని డబ్బా మీది ఆమోదం గుర్తును నమ్మి కొన్నది నకిలీ అయితే ఈ లెక్కలన్నీ ఏట్లో కలిసినట్టే. డబ్బా సీలు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు తీసుకొని, నీ కళ్ల ముందే పోయించుకో తమ్ముడూ. మార్చిన పాత ఆయిల్‌ను పారబోయనీయకుండా ఒక చిన్న సీసాలో పట్టి ల్యాబుకు పంపితే, 100 డిగ్రీల చిక్కదనం ఎంత మిగిలిందో, పెట్రోలు ఎంత కలిసిందో తేలుతుంది. ఆ కాగితం ఇక్కడ పెట్టు, 30 పక్షమా 40 పక్షమా అన్నది అప్పుడు మళ్లీ వాదించుకుందాం.