మామయ్య కట్టిన పావు స్కేల్ పుష్పక్: పెట్రోల్ తీసేసి ఎలక్ట్రిక్ చేయొచ్చా?

హన్మకొండ పుష్పక్

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నాలుగేళ్లుగా రిమోట్‌తో చిన్న ఫోమ్ విమానాలు ఎగరేస్తున్నాను కానీ పెద్దదాని మీద చెయ్యి వేయడం ఇదే మొదలు.

మా మామయ్య ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు ఏరోమోడలింగ్ నేర్పేవారు. తను క్యాడెట్‌గా ఉన్నప్పుడు ఒకసారి పుష్పక్‌లో ఎక్కించి తిప్పారట. ఆ ఇరవై నిమిషాల ముచ్చట నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. హెచ్‌ఏఎల్ తయారుచేసిన ఆ రెండు సీట్ల విమానం 1958లో మొదటిసారి ఎగిరింది. 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్, పైన రెక్క, రెండువైపులా రెక్కకు ఊతంగా ఏటవాలు కడ్డీలు (స్ట్రట్లు). మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది దాని మీదే నేర్చుకున్నారు. మామయ్య 1996లో దాన్ని నాలుగో వంతు సైజులో కట్టారు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 2.74 మీటర్లు. బాల్సా, ప్లై, ఫెవికాల్, పైన పట్టుగుడ్డ, దాన్ని బిగుతు చేసే వార్నిష్ (డోప్). ముక్కులో 38 సీసీ పెట్రోల్ ఇంజిన్.

2005 నుంచి అది అటక మీదే ఉంది. మామయ్య పోయిన ఏడాది కాలం చేశారు. మొన్న అత్తమ్మ "నువ్వు తీస్కపో, లేకుంటే ఎలుకలే తింటయ్" అన్నది. దించి చూస్తే ఎడమ రెక్క కొసన ఎలుకలు గూడు పెట్టాయి. వేలు పెట్టి నొక్కితే గుడ్డ అప్పడంలా విరుగుతోంది. ఇంజిన్ బిగుసుకుపోయింది. ఇంజిన్ బిగించిన ముక్కు పలక (ఫైర్‌వాల్), దాని వెనకున్న చెక్క నూనె పీల్చి నల్లగా అయిపోయాయి. అదృష్టం ఏమిటంటే చెదలు పట్టలేదు.

పెట్రోల్ లేకుండా మొత్తం తూకం 9.1 కిలోలు వచ్చింది. ఇంత పెద్దదానికి ఏ మోటారు, ఎన్ని బ్యాటరీ సెల్స్ పెట్టాలి? నూనె పట్టిన చెక్కను ఏం చేయాలి? పాత గుడ్డ తీస్తుంటే రెక్కలోని ప్రతి అడ్డచెక్క (రిబ్) మీద మామయ్య పెన్సిల్‌తో నంబరు, తేదీ వేసుకున్నట్టు కనిపించింది. ఎడమ 7వ రిబ్ మీద "వాన. ఫెవికాల్ ఆరలేదు. రేపు" అని ఉంది. కాబట్టి రెక్క కొత్తది కట్టుకోమనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.

బాల్సా పొట్టు (విశాఖ)

మాస్టారూ, రెక్క కొత్తగా కట్టాల్సిన పనేమీ లేదు. ముందు నూనె సంగతి చూడండి, ఎందుకంటే నూనె ఉన్నచోట ఎపాక్సీ (అరాల్డైట్ లాంటి జిగురు) పట్టదు, పట్టినట్టు కనిపిస్తుందంతే.

ఎసిటోన్‌లో కార్న్‌ఫ్లోర్ కలిపి ఇడ్లీ పిండిలా చేసుకుని ఆ నల్ల చెక్క మీద మందంగా పూయండి. ఎసిటోన్ లోపలి నూనెను పైకి లాగుతుంది, పిండి దాన్ని పీల్చుకుంటుంది. ఆరాక గీకేయండి, పిండి పసుపుపచ్చగా ఉంటే మళ్లీ పూయండి. నేను ఒకదానికి ఆరుసార్లు చేశాను. కిటికీలు తెరిచి చేయండి, దగ్గర్లో పొయ్యి గానీ హీట్ గన్ గానీ ఉండకూడదు.

ఫైర్‌వాల్‌ను మాత్రం కాపాడాలని చూడొద్దు. తీసేసి 6 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైతో కొత్తది పెట్టండి. అరాల్డైట్ అంటించి, మూలల్లో ముక్కోణపు చెక్కలు కూడా పెట్టండి. మీ మామయ్య ఇంజిన్ బిగించే ఈ పలకను కుడివైపుకి, కిందికి కొంచెం వంచి పెట్టే ఉంటారు. పీకే ముందే ఆ కోణాలు కొలిచి రాసుకోండి.

ఇంకొకటి, స్ట్రట్లు ఉన్న విమానంలో బరువు మోసేది స్ట్రట్టే. వాటి ఇనుప పట్టీలు తుప్పు పట్టి ఉంటాయి, అన్నీ మార్చండి. గుడ్డ వేయకముందే విమానాన్ని తలకిందులుగా నిలబెట్టి, రెక్కల మీద ఇసుక సంచులు పరవండి. రెక్క మొదలు దగ్గర ఎక్కువ, కొసకు తక్కువ, మొత్తం 25 కిలోలు. ఎక్కడైనా చిటుక్కుమంటే అది నేలమీదే అనాలి.

గోదారి గట్టు

తమ్ముడూ, నేను ముప్ఫై ఏళ్లుగా పెట్రోలే ఎగరేస్తున్నాను. బిగుసుకున్న ఇంజిన్ చచ్చినట్టు కాదు. ప్లగ్గు విప్పి డీజిల్ పోసి రెండు రోజులు వదిలేస్తే చాలావాటికి కదలిక వస్తుంది. ఆయన చేతిమీద నడిచిన ఇంజిన్ అది. ఆ చప్పుడు లేని పుష్పక్‌ని పుష్పక్ అనడానికి నాకు మనసొప్పదు. ఒకసారి ప్రయత్నించి చూడవయ్యా.

వోల్టు లెక్క (డల్లాస్, సొంతూరు నల్గొండ)

గోదారి గట్టు గారి మాట కాదనను. కానీ మాస్టారు ఎలక్ట్రిక్ అడిగారు కాబట్టి ఆ లెక్క చెబుతాను.

ఇలాంటి నెమ్మది విమానానికి కిలోకు 220 వాట్లు సరిపోతాయి. 9 కిలోలకు 2000 వాట్లు. 5 సెల్స్ లైపోలు (లిథియం పాలిమర్ బ్యాటరీలు) రెండు సిరీస్‌లో కలిపితే 10 సెల్స్, 37 వోల్టులు. అంటే 54 ఆంపియర్లు. 170 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి 170 చుట్లు) దగ్గర మోటారు, 22 అంగుళాల (22x10) ప్రొపెల్లర్. ప్రొపెల్లర్ చిన్నది చేసి గిరగిరా తిప్పొద్దు, పెద్దది నిదానంగా తిరగాలి. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) 12 సెల్స్ వరకు తట్టుకునేది, 100 ఆంపియర్లది కొనండి. అంత వోల్టేజీ ఈఎస్‌సీల్లో చాలావాటికి లోపల బీఈసీ (రిసీవర్‌కు కరెంటు ఇచ్చే భాగం) ఉండదు, రిసీవర్‌కు, సర్వోలకు (రెక్క, తోక పలకలు కదిపే చిన్న మోటార్లకు) వేరే బ్యాటరీ పెట్టండి. బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి వెళ్లే వైర్లు పొడిగించొద్దు, కెపాసిటర్లు పోతాయి. పొడవు కావాలంటే మోటారు వైపు మూడు వైర్లు పొడిగించండి.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. అసలు ఇబ్బంది బరువు ఎక్కడ పెట్టాలన్నది. అందుకే మోటారు కొనేముందు మూడు కొలతలు పంపండి: సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) నుంచి పాత ఇంజిన్ ఎంత దూరం, సైలెన్సర్, ఇగ్నిషన్‌తో కలిపి ఇంజిన్ ఎంత బరువు, సీజీ నుంచి తోక ఎంత దూరం.

హన్మకొండ పుష్పక్

గోదారి గట్టు అన్నా, ఇంజిన్‌ను మీరు చెప్పినట్టే డీజిల్‌లో పెట్టాను, నిన్న కదిలింది. దాన్ని శుభ్రం చేసి అత్తమ్మ ఇంట్లో మామయ్య బల్ల మీదే పెట్టేస్తాను. మా కాలనీ పక్కన ఎగరేసే చోట ఆ చప్పుడు కుదరదు, అందుకే ఈ నిర్ణయం.

వోల్టు లెక్క గారూ, రెక్క వెడల్పు 37 సెంటీమీటర్లు, అందులో 30 శాతం లెక్కన ముందు అంచు నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర సీజీ. మామయ్య రెక్క కింద వేసిన చుక్క కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఇంజిన్ సరంజామా 2.1 కిలోలు, సీజీకి 35 సెంటీమీటర్లు ముందు. ఫైర్‌వాల్ 30 దగ్గర. తోక 110 సెంటీమీటర్లు వెనక.

వోల్టు లెక్క

మీరు ఫిజిక్స్ మాస్టారు, ఇది మీ క్లాసులో సీ-సా లెక్కే. పాత ఇంజిన్ 2.1 కిలోలు, 35 సెంటీమీటర్లు, గుణిస్తే 73.5. కొత్త మోటారు, దాని స్టాండు 0.9 కిలో 36 దగ్గర, అది 32.4. ఈఎస్‌సీ 150 గ్రాములు 28 దగ్గర, అది 4.2. ఇంకా 36.9 కావాలి. రెండు బ్యాటరీలు కలిపి 1.25 కిలోలు కాబట్టి వాటి మధ్యభాగం 29.5 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. ఫైర్‌వాలే 30 దగ్గర ఉంది కదా! పాత ట్యాంకు చోట బ్యాటరీని ఎంత ముందుకు జరిపినా 22 కంటే ముందుకు పోదు.

ఆ 7.5 సెంటీమీటర్ల తేడాను 1.25 కిలోలతో గుణిస్తే 9.4. ముక్కులో సీసంతో పూడిస్తే 270 గ్రాములు మోయాలి. తోకలో తగ్గిస్తే 85 గ్రాములు చాలు. ముందు తోకను చూడండి. ఒక మేలు కూడా ఉంది: ట్యాంకులో పెట్రోల్ ఖాళీ అవుతుంటే సీజీ జరుగుతుంది, బ్యాటరీకి ఆ బాధ లేదు.

బాల్సా పొట్టు

పాత పెద్ద మోడళ్ల తోకలో బరువు ఎప్పుడూ రంగులోనే ఉంటుంది మాస్టారూ. గీకండి.

ఎండకాలం (ఖమ్మం)

మాస్టారూ, రెండు మాటలు. లైపోలు ఎండలో కారులో వదలొద్దు, మన మే నెలలో డిక్కీ పొయ్యిలా ఉంటుంది. ఎగరేయని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. కౌల్ (ముక్కు తొడుగు) లోకి గాలి వచ్చే రంధ్రం కన్నా వెళ్లే రంధ్రం రెండింతలు ఉండాలి, లేకపోతే వేడి బయటికి పోదు. 10 సెల్స్ మోటారు పెట్రోల్‌లా తడబడి ఆగదు, చెయ్యి తగిలినా తిరుగుతూనే ఉంటుంది. బల్ల మీద పని చేసేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి, కౌల్ బయట ఆర్మింగ్ ప్లగ్ (పీకితే మోటారుకు కరెంటు ఆగేది) పెట్టండి.

అలాగే 2021 డ్రోన్ రూల్స్ వీటికీ వర్తిస్తాయి. సరదాకి, కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ (డిజైన్ ఆమోద పత్రం) అక్కర్లేదు. కానీ ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి.

హన్మకొండ పుష్పక్ (నాలుగు నెలల తర్వాత)

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. పరీక్ష పేపర్లు దిద్దడం, మధ్యలో అత్తమ్మకు కంటి ఆపరేషన్.

బాల్సా పొట్టు గారు చెప్పింది నిజం. తోక మీద ఎనామిల్ రంగు మూడు పొరలు ఉంది. గీకి ఇస్త్రీతో అంటించే పల్చటి గుడ్డ (ఐరన్ ఆన్) వేస్తే 41 గ్రాములు తగ్గాయి. తోక చక్రం బిగించిన ఇత్తడి పట్టీ మార్చి కార్బన్‌ది పెడితే ఇంకో 58. సీసం ఒక్క గ్రాము కూడా పెట్టలేదు. మొత్తం బరువు 8.8 కిలోలు. వాట్ మీటర్‌లో ఫుల్ థ్రాటిల్‌కు 56 ఆంపియర్లు చూపించింది.

కార్న్‌ఫ్లోర్ ముద్ద ఎనిమిదిసార్లు పూశాను. ఇసుక సంచుల పరీక్ష రోజు మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. ఇరవై కిలోల దగ్గర కుడి రెక్కలో చిటుక్కుమంది. నా గుండె ఆగినంత పనైంది. చూస్తే నేను కొత్తగా అతికించిన ముక్కే ఊడింది, మామయ్య అతుకులు ఒక్కటీ కదల్లేదు. ఆ వానలో ఆరని 7వ రిబ్ కూడా. నా అతుకు విప్పి మళ్లీ వేసి 25 కిలోలు పరిచాను, నిలబడింది.

ఆ 7వ రిబ్ పక్క గడికి రెక్క కింద వైపు గుడ్డకు బదులు అద్దంలాంటి ఫిల్మ్ వేశాను, వంగి చూస్తే పెన్సిల్ రాత కనిపిస్తుంది. అత్తమ్మ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. ఆ వానలో రెక్కను మంచం మీద పెట్టి, వాళ్లిద్దరూ మూడు రోజులు వసారాలో పడుకున్నారట.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఎండిన చెరువులో ఎగరేశాం. సగం థ్రాటిల్ దాటకముందే నేల వదిలింది. ఆరు నిమిషాలు తిప్పి దించాను, మళ్లీ చార్జ్ చేస్తే 2350 ఎంఏహెచ్ ఎక్కింది. గోదారి గట్టు అన్నా, చప్పుడు లేదని మీరు బాధపడ్డారు కదా. తలమీదుగా వెళ్లినప్పుడు స్ట్రట్ల మధ్య గాలి కోసుకుపోయే సన్నని చప్పుడు వినిపించింది. పెట్రోల్ రోజుల్లో అది మామయ్యకు కూడా వినపడి ఉండదు.

ఒక్క లోపం మిగిలింది. థ్రాటిల్ పెంచగానే ముక్కు పైకి లేస్తోంది. పాత కోణం కొలిచే పెట్టాను, కానీ ఈ పెద్ద ప్రొపెల్లర్‌కు అది చాలట్లేదు. మోటారు స్టాండు పై రెండు బోల్టుల వెనక ఒక్కో వాషర్ వేసి ఇంకో డిగ్రీ కిందికి వంచుదామనుకుంటున్నాను. వోల్టు లెక్క గారూ, ఒక డిగ్రీ చాలా, ఒకటిన్నర పెట్టాలా?

వోల్టు లెక్క

ఒకటి పెట్టి చూడండి మాస్టారూ. వీడియో తీసి ఉంటే పెట్టండి, ఆ చప్పుడు మాకూ వినాలనుంది.