లైసెన్స్ లేనివాడు దొరికితే బండి ఓనర్ మీదా కేసా?

గేర్‌లెస్: మా బావమరిది నా బండేసుకుని వెళ్లి చెకింగ్‌లో దొరికాడు. డ్రైవింగ్ లైసెన్స్ లేదు, కనీసం ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్) కూడా తీసుకోలేదు. వాడి మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 181 పెట్టారు, పెట్టాల్సిందే. ఇంట్లో కూర్చున్న నా మీద బండి ఇచ్చానని 180 ఎందుకు? శిక్ష చూస్తే ఇద్దరికీ ఒకటే: 5,000 రూపాయల జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. నడిపినవాడూ తాళం ఇచ్చినవాడూ ఒకే తూకమా? నాకైతే అన్యాయంగానే ఉంది. మీరేమంటారు?

పాత ఫైలు: ఒకే తూకం అని బాధపడుతున్నారు గానీ, 2019కి ముందు సంగతి వింటే ఇంకా బాధపడతారు. 1988 చట్టంలో లైసెన్స్ లేకుండా నడిపినవాడికి జరిమానా 500 దాకా, బండి ఇచ్చిన ఓనర్‌కి 1,000 దాకా. అంటే ఇచ్చినవాడిదే పెద్ద తప్పని అప్పటి లెక్క. చట్టాన్ని సవరించాక, 2019 సెప్టెంబరు 1 నుంచి రెండూ 5,000 అయ్యాయి. నా మటుకు నాకు పాత లెక్కే సబబు అనిపిస్తుంది. కుర్రాడికి బండెక్కాలనే ఉబలాటం ఉంటుంది, వద్దనగలిగింది ఓనర్ ఒక్కడే.

సైడ్‌స్టాండ్: అడిగితే ఇవ్వకపోతే చుట్టాల్లో మాట పడేది ఎవరు సార్, మీరా?

పాత ఫైలు: మాట పడటమే చౌక.

రెండో సీటు: ఓనర్‌కి తెలిసే ఇచ్చాడని ఎలా అనుకుంటాం? లైసెన్స్ ఉందనే చెబుతారు అందరూ. ఉన్నా గడువు దాటి ఉండొచ్చు. గడువు దాటాక 30 రోజులు చెల్లుబాటు అయ్యే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది, దాన్నీ 2019లో తీసేశారు. రెన్యువల్‌కి ఏడాది దాకా టైముంది నిజమే, కానీ ఆ ఏడాదిలో బండి తీస్తే చెల్లే లైసెన్స్ లేనట్టే. ఇరవై ఏళ్లుగా నడుపుతున్న మనిషి, నిన్న గడువు దాటితే ఈరోజు 181 కిందికి వస్తాడు. ఎన్నడూ హ్యాండిల్ పట్టనివాడినీ ఇతన్నీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?

పాత ఫైలు: గడువు దాటినవాళ్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను, అది మొరటు చట్టమే. ఓనర్ విషయంలో మాత్రం కాదు. సెక్షన్ 180 'నడపనిచ్చిన' ఓనర్ గురించే మాట్లాడుతుంది. చెప్పకుండా తాళం ఎత్తుకుపోతే వాదించుకోవచ్చు. గేర్‌లెస్ గారూ, మీ బావమరిది చెప్పకుండా తీసుకెళ్లాడా?

గేర్‌లెస్: లేదండీ, ఎప్పుడూ తీసుకెళ్తూనే ఉంటాడు.

పాత ఫైలు: ఇక నేను చెప్పేదేముంది.

క్లెయిమ్ పేపర్: అందరూ 5,000 దగ్గరే కొట్టుకుంటున్నారు. యాక్సిడెంట్ క్లెయిముల ఫైళ్లు చూసిన అనుభవంతో చెబుతున్నా, అది చిల్లర. మీవాడు ఎవరినైనా గుద్ది ఉంటే కథ వేరు. ప్రమాదాల క్లెయిములు చూసే ట్రైబ్యునల్ పరిహారం తేలుస్తుంది. డ్రైవర్‌కి లైసెన్స్ లేదని ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం తిరుగుతుంది. అయితే లైసెన్స్ లేదని చూపించినంత మాత్రాన సరిపోదు, ఓనర్ అజాగ్రత్తగా ఇచ్చాడని కూడా కంపెనీయే నిరూపించాలని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిరూపించినా బాధితుణ్ని ఉత్త చేతులతో పంపరు. ముందు కంపెనీ కట్టాలి, తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోవాలి అని కోర్టులు ఉత్తర్వులిస్తాయి. ఆ రాబట్టుకోవడం మొదలైతే మీ జీతం, మీ స్థలం, అన్నీ లెక్కలోకొస్తాయి. మీ బండి రిపేరు సంగతి ఇక అడక్కండి, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిప్పి పంపేస్తారు.

సైడ్‌స్టాండ్: లైసెన్స్ లేనివాడు చేసినదానికి కంపెనీ ఎందుకు కట్టాలి? ఆ భారం చివరికి మనందరి ప్రీమియం మీదే కదా.

క్లెయిమ్ పేపర్: రోడ్డు దాటుతున్న ముసలాయనకి గుద్దినవాడి జేబులో కార్డుందో లేదో ఏం తెలుసు? మన బండి వల్ల బయటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి చేసిందే ఆయన కోసం, మన కోసం కాదు.

రెండో సీటు: ఒక సందేహం. మనవాడు పద్ధతిగానే వెళ్తున్నాడు, లారీ వచ్చి గుద్దింది. లైసెన్స్ లేదు కాబట్టి తప్పు మనవాడిదే అంటారు కదా? స్టేషన్లో అందరూ అదే మాట.

క్లెయిమ్ పేపర్: అంటారు, కానీ చట్టం అలా లేదు. లైసెన్స్ లేకపోవడం వేరే నేరం, ప్రమాదానికి కారణం ఎవరన్నది వేరే ప్రశ్న. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చింది. లైసెన్స్ లేకుండా మోపెడ్ నడిపిన మైనర్ కేసది. లైసెన్స్ లేదన్న ఒక్క కారణంతో నిర్లక్ష్యం అంటగట్టి పరిహారం కోయకూడదని చెప్పింది. ఇది తెలియక ఎంతోమంది తక్కువకి రాజీ పడిపోతున్నారు.

సైడ్‌స్టాండ్: మైనర్ల మాటొచ్చింది కాబట్టి, 199ఎ మీద మీ అభిప్రాయం? పిల్లాడు నేరం చేస్తే తల్లిదండ్రులకో ఓనర్‌కో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. నాకిది సరిగ్గానే ఉంది.

పాత ఫైలు: నాకూ. పైగా అక్కడ భారం తిరగబడుతుంది: పెద్దవాళ్లకి తెలిసే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదనో ఆపడానికి ప్రయత్నించాననో వాళ్లే చూపించుకోవాలి. పదహారేళ్లవాడు 50 సీసీ లోపు గేర్లు లేని బండికి లైసెన్స్ తీసుకోవచ్చు. ఆ దారి వదిలి పెద్ద బైక్ ఇచ్చే తల్లిదండ్రుల మీద నాకు జాలి లేదు.

రెండో సీటు: అదే సెక్షన్లో ఇంకోటి ఉంది, ఎవరూ మాట్లాడరు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. పదిహేడేళ్లకి దొరికినవాడు ఎనిమిదేళ్లు బండి ముట్టకుండా కూర్చుంటాడంటారా? డెలివరీ పనికో డ్రైవర్ పనికో వెళ్లాల్సిన వయసంతా అదే.

సైడ్‌స్టాండ్: కూర్చోకపోతే మళ్లీ పట్టుకుంటారు.

రెండో సీటు: పట్టుకునేలోపు ఎవరినైనా గుద్దితే? టెస్టు పెట్టి, ఫెయిలైతే మళ్లీ పెట్టి, రోడ్డు మీదికి పంపొచ్చు కదా. లైసెన్స్ లేకుండా నడపొద్దని చెప్పే చట్టమే, లైసెన్స్ దొరకని డ్రైవర్‌ని తయారుచేస్తోంది.

క్లెయిమ్ పేపర్: అలాంటివాడికి బండి ఇచ్చే ఓనర్ 'లైసెన్స్ ఉందనుకున్నా' అని కూడా అనలేడు. నేను కంపెనీ వైపు వకీలునైతే మొదట పట్టుకునేది అదే పాయింటు.